సాయినాథ్ జర్నలిస్టా, ఉద్యమకారుడా?

బ్రాడీపేట బుల్లోడు:
మా బ్యాచ్ గ్రూపులో పి. సాయినాథ్ మీద, అదే పల్లెల మీద, రైతు ఆత్మహత్యల మీద రాసే జర్నలిస్టు మీద, రాత్రంతా గొడవే. నా మాట ఇదీ. ఆయన ఊళ్లోకి అడుగు పెట్టేటప్పటికే తప్పెవరిదో తేల్చేసుకుని ఉంటాడు. రైతు చనిపోతే ప్రభుత్వ విధానమే కారణం అంటాడు, ఇంటి గొడవలు, జబ్బులు, తాగుడు ఆ తర్వాతే. ఉద్యమం చేసేవాడు ఉద్యమకారుణ్ణని చెప్పుకోవాలి, రిపోర్టర్ అనకూడదు.

పెదనందిపాడు పత్తి:
బుల్లోడు గారూ, ఆయన లెక్కలు సొంతంగా పుట్టించినవి కావండీ. అన్నీ కేంద్రం నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీవే, అంటే పోలీస్ స్టేషన్ల నుంచి వెళ్లినవే. 1995 నుంచి 2010 దాకా కలిపితే రైతుల ఆత్మహత్యలు రెండున్నర లక్షలు దాటాయి. ఏటా వాళ్లు వేసే ఆ లెక్కల పుస్తకం ఎవరికి పట్టింది? అది తెరిచి కూడికలు చేసి పేపర్లో రాయడమే ఉద్యమమైతే, అలాంటి ఉద్యమకారులు ఇంకో పదిమంది కావాలి.

కృష్ణలంక:
పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నాడు. తాను రాసేది ఏ ప్రభుత్వం గురించో దాని చేతి నుంచే అవార్డు తీసుకోకూడదని. మన ఎడిటర్లలో ఎంతమంది వదులుకుంటారు?

బ్రాడీపేట బుల్లోడు:
అవార్డు వద్దన్నంత మాత్రాన రాసిందంతా కరెక్టయిపోదు బ్రదర్. పత్తి గారూ, రైతు ఆత్మహత్యలు 2013లో 11,772 అన్న లెక్క 2014కి 5,650 అయింది. వ్యవసాయ కూలీలను టేబుల్‌లో వేరే కాలమ్‌లో వేశారు, వాళ్లు 6,710. అంటే పాత లెక్కలో కూలీలు కూడా కలిసి ఉన్నారనేగా? అన్నేళ్లూ అందరినీ రైతులనే రాశారు మరి.

చిలకలూరిపేట రోడ్డు:
రెండూ కూడండి, 12,360. చావులు తగ్గలేదు, కాలమ్ మారిందంతే. సాయినాథ్ అప్పుడు గొడవ పెట్టింది దీని మీదే. అసలు ఆ "కూలీ" ఎవరో మన జిల్లాలో చూస్తే తెలుస్తుంది. ఇక్కడ పత్తి, మిర్చి వేసేది చాలావరకు కౌలుదారులే. పాసుపుస్తకం ఓనరుది, పురుగుమందుల కొట్లో బాకీ మాత్రం కౌలుదారుది. అతను చనిపోతే భూమి కాగితం ఏదంటారు. లేకపోతే రైతు కాదు, కూలీ. 2004లో 421 జీవో ఇచ్చారు, చనిపోయిన రైతు కుటుంబానికి లక్షన్నర సాయం. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ కూర్చుని అది నిజంగా రైతు ఆత్మహత్యేనా అని తేల్చాలి. అప్పు కాగితాలు చూపించమంటారు, వడ్డీకిచ్చినవాడు రసీదు ఇస్తాడా ఎక్కడైనా? పోనీ కౌలు కార్డు ఉందా అంటే, 2019 చట్టం ప్రకారం ఓనరు సంతకం పెట్టాలి, పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. ఇదంతా ఢిల్లీ టేబుల్‌లో ఒక్క అంకె అయి కూర్చుంటుంది. ఆ అంకెను నమ్మకుండా ఆ ఇంటికి వెళ్లి కూర్చున్నవాణ్ణి పట్టుకుని ముందే తేల్చేసుకొచ్చాడంటే నేను ఒప్పుకోను.

పెదనందిపాడు పత్తి:
👏 2009 మహారాష్ట్ర ఎన్నికల సంగతి కూడా చెప్పాలి. ఒకే పొగడ్త వ్యాసం పోటీ పేపర్లలో అక్షరం పొల్లుపోకుండా, వేరే వేరే పేర్లతో వచ్చిందని బయటపెట్టింది ఈయనే. పెయిడ్ న్యూస్ అంటే అదే, డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలా వేయడం. సొంత వృత్తివాళ్ల మీదే రాశాడు. ఆ తర్వాత ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో కమిటీ వేసింది, అందులో ఒకరు మన తెలుగాయన కె. శ్రీనివాస్ రెడ్డి గారు. వాళ్లు పేర్లతో సహా 71 పేజీలు ఇస్తే కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి చిన్న రిపోర్టు వదిలింది.

బ్రాడీపేట బుల్లోడు:
పెయిడ్ న్యూస్ విషయంలో ఆయనకి దండం పెడతాను, అందులో పేచీ లేదు. కౌలుదారుల పాయింటూ సరే. కానీ అన్నా, నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఒక ఊళ్లో డ్రిప్ పెట్టుకుని, కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచుకుని, యార్డులో రేటొచ్చాక అమ్మి నిలదొక్కుకున్న మిర్చి రైతు కూడా ఉన్నాడు. అతని గురించి అంత పట్టుగా ఎందుకు రాయడు?

చిలకలూరిపేట రోడ్డు:
అతని గురించి రాయడానికి బోలెడు పేపర్లున్నాయి తమ్ముడూ, ఆదివారం అనుబంధం తియ్యి. ఆ కోల్డ్ స్టోరేజీలో దాచుకున్నవాళ్లలో కౌలుదారులెందరో కనుక్కుని ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడదాం.