పొదలకీ ఎండు కొమ్మలకీ ఒకే పెద్ద కత్తి: ఏం చూసి కొనాలి?

ప్రశ్న:
క్యాంపింగ్‌కి పెద్ద కత్తి ఒకటి కావాలి. దారిలో పొదలు, తీగలు కొట్టాలి, మంటకి మణికట్టంత లావు ఎండు కొమ్మలు నరకాలి, చీల్చాలి. గొడ్డలి వేరే మోయలేను. 18 అంగుళాల మచెటీయా, 10 అంగుళాల కుక్రీయా తేలడం లేదు. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు గొడవ ఉండదు కదా, అదే తీసుకోనా?

జవాబు 1:
తీగలు, గడ్డి తెగేది వేగానికి, బరువుకి కాదు. అందుకే మచెటీ పొడవుగా, 2–3 మి.మీ. మందంతో ఉంటుంది. దాన్నే ఎండు కొమ్మ మీద వేస్తే రేకు ఊగి, ఆ అదురంతా చేతికొస్తుంది. గట్టి ముడి తగిలితే పల్చటి అంచు మడత పడుతుంది కూడా. కుక్రీ వెన్ను దగ్గర 6 మి.మీ. పైనే ఉంటుంది, బరువంతా ముందుంటుంది. కట్టెలోకి బాగా దిగుతుంది కానీ, గంటసేపు పొదలు కొడితే మణికట్టు పట్టేస్తుంది. మీ పనులకి పరాంగ్ (మలేషియా, ఇండోనేషియాల అడవి కత్తి) తరహా నయం: అలుగు 12 అంగుళాలు, మందం 4–5 మి.మీ., బరువు 600–700 గ్రాములు. కొనేముందు కత్తి వెన్నుని వేలి మీద నిలిపి చూడండి. తూకం పిడికి రెండు మూడు అంగుళాల ముందు కుదరాలి. పిడి దగ్గరే కుదిరితే ప్రతి దెబ్బకీ మీ భుజమే పనిచేయాలి.

జవాబు 2:
ఇంత పొడవు కత్తికి స్టెయిన్‌లెస్ వద్దనే అంటాను. చవక రకాలు చాలావరకు గోడకి తగిలించుకోడానికే. 1075 అనే కార్బన్ స్టీలు గానీ, లారీ కమాను పట్టీల జాతి 5160 స్టీలు గానీ చూడండి. గట్టిదనం 54–57 హెచ్‌ఆర్‌సీ (ఉక్కు గట్టిదనం కొలిచే రాక్‌వెల్ స్కేలు) చాలు. 60 దాటితే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ ముడి తగిలినప్పుడు అంచు పెచ్చులూడుతుంది, ఆకురాయి కూడా పట్టదు. మడత పడ్డ అంచుని అక్కడే సరిచేసుకోవచ్చు, పెచ్చు లేచిందంటే చాలా లోహం అరగదీయాలి. తుప్పుకి తుడిచి నూనె రాస్తే సరి.

అసలు విరిగేది పిడి దగ్గర. అలుగే పిడి చివరిదాకా సాగి, రివెట్లు బిగించి ఉండాలి. సన్నటి మరచువ్వ వెల్డింగ్ చేసిన రకాలు ఆ అతుకు దగ్గరే తెగి, అలుగు ఎగిరిపోతుంది. పిడి చివర కిందికి వంపు ఉంటే చెమట చేతిలోంచి జారదు.

ప్రశ్న అడిగినవారు:
కొత్త కత్తి పదును సరిపోతుందా?

జవాబు 3:
చాలావాటికి సరిపోదు. అంచుకి స్కెచ్‌పెన్ రంగు పూసి, సన్న ఆకురాయితో పిడి నుంచి మొన దాకా ఒకే దిశలో రుద్దండి. రంగు అంచు చివరి దాకా పోతేనే కోణం కుదిరినట్టు. ఒక్కో పక్క 20–25 డిగ్రీలు. అంతకంటే పల్చన చేస్తే కట్టె మీద నిలవదు. అవతలి పక్కన బర్ (రుద్దినప్పుడు అంచు మీద లేచే సన్నటి లోహపు పొర) వేలికి గరుగ్గా తగిలాకే కత్తి తిప్పండి. చివర 400 నంబరు ఎమిరీ కాగితం, తర్వాత తోలు ముక్క.

కొమ్మని నిలువుగా కాకుండా 45 డిగ్రీల వాలున, రెండు వైపుల నుంచీ కొట్టండి. మోకాళ్ల మీద కూర్చుని, కొమ్మ కింద దుంగ పెట్టుకుంటే గురి తప్పినా కత్తి నేలకే పోతుంది, కాలికి కాదు. చీల్చేటప్పుడు వెన్ను మీద కొట్టడానికి కర్రే వాడండి, సుత్తి వద్దు. ఒరలోంచి తీసేటప్పుడు పదును వైపు వేళ్లు చుట్టకండి, కుట్లు తెగి అలుగు బయటికొచ్చేది అక్కడినుంచే.