లోన్ మోసం కేసులో మా తమ్ముడు: ముందస్తు బెయిల్ వస్తుందా?

ప్రశ్న (తణుకు నుంచి):
అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఒక ప్రభుత్వ బ్యాంకు పల్లె బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసరు. 2022లో ఇచ్చిన పంట రుణాల్లో కొన్ని నకిలీ పట్టాదారు పాసుపుస్తకాల మీద పోయాయని ఇప్పుడు తేలింది. మేనేజరు ఏ1 (మొదటి నిందితుడు), దళారులు తర్వాత, మావాడు ఏ4. సెక్షన్లు 409 (ఉద్యోగంలో నమ్మకద్రోహం), 420 (మోసం), 468 (మోసం కోసం ఫోర్జరీ), 471 (నకిలీ పత్రం వాడటం), 120-బి (కుట్ర). పోలీసు నోటీసు కూడా వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్. స్టేషన్‌కి వెళ్లాలా, ముందు బెయిల్ వేయాలా?

జవాబు (లాయరు, ఏలూరు):
అమ్మా, రెండూ చేయండి. నోటీసులో చెప్పిన రోజున వెళ్తూ సహకరిస్తుంటే, కారణాలు రాసిపెట్టకుండా అరెస్టు చేయడానికి వీల్లేదు. వెళ్లకపోతే ఆ రక్షణ పోతుంది, బెయిల్‌ని వ్యతిరేకించడానికి పోలీసులకి సాకు దొరుకుతుంది. అయినా 409కి యావజ్జీవం దాకా శిక్ష ఉంది కాబట్టి నోటీసు ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకండి. నేరం 2022 నాటిది, అందుకే సెక్షన్లు పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి)వి. బెయిల్ పిటిషన్ మాత్రం కొత్త చట్టం కింద, బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 482 అని వేయాలి. ముందు జిల్లా సెషన్స్ కోర్టులో వేయండి, అక్కడ కొట్టేస్తే హైకోర్టు ఉంది.

పిటిషన్‌లో ‘నిర్దోషి’ అని పది సార్లు రాస్తే లాభం లేదు. మీ తమ్ముడు చేసిన పనేమిటో విడిగా చూపించాలి: అడంగల్, 1బి (పొలం, పంట, యజమాని వివరాలుండే రెవెన్యూ రికార్డులు) ఆన్‌లైన్‌లో సరిచూశాడా, పొలం చూసి రిపోర్టు ఇచ్చాడా, రుణం మంజూరు చేసే అధికారం ఎవరిది, అతని ఖాతాలోకి డబ్బేమైనా వచ్చిందా. ఫైళ్లన్నీ ఇప్పటికే పోలీసుల దగ్గరుంటే, కస్టడీలో పెట్టి రాబట్టేదేమీ లేదన్న వాదన బలంగా నిలుస్తుంది. ఆర్థిక నేరాలను వేరే తరగతిగా చూడాలని సుప్రీంకోర్టు 2013లో అన్న మాటను ప్రాసిక్యూషన్ తప్పకుండా ఎత్తుతుంది. అంతమాత్రాన బెయిల్ ఇవ్వకూడదని కాదని 2022లో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో అదే కోర్టు ఇచ్చిన తీర్పు చెప్పింది. మీ లాయరు అది దగ్గర పెట్టుకోవాలి.

జవాబు (రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, భీమవరం):
చెల్లెమ్మా, ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వ బ్యాంకు ఆఫీసరు 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. ఇంకోమాట, తమ్ముడిని ఆ బ్రాంచికి వెళ్లి ఫైళ్లు ముట్టుకోవద్దని, రుణం తీసుకున్న రైతులకు ఫోన్ చేయవద్దని గట్టిగా చెప్పండి. సాక్షుల్ని ప్రభావితం చేస్తున్నాడన్న మాట ఒక్కటి వచ్చినా బెయిల్ కష్టమే. ఏ కాగితం కావాలన్నా బ్యాంకుకి ఉత్తరం రాసి అడగాలి.

ప్రశ్న (తణుకు):
అన్నయ్యగారూ, కొంత డబ్బు కడితే బెయిల్ సులువని ఒకాయన అంటున్నాడు. పొలం అమ్మమంటారా?

జవాబు (లాయరు, ఏలూరు):
వద్దమ్మా. బెయిల్ ఇచ్చే కోర్టు బాకీలు వసూలు చేసే చోటు కాదని సుప్రీంకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది. ఒకవేళ అరెస్టయినా, 409 ఉంది కాబట్టి పోలీసులకు 90 రోజుల గడువు. ఆలోగా ఛార్జిషీటు పడకపోతే బెయిల్ అతని హక్కు. కానీ అది పడేలోపే పిటిషన్ వేయాలి, 91వ రోజు ఉదయమే మీ లాయరు కోర్టులో ఉండాలి.