తేదీ లేని కాకినాడ వీధుల పటం: ఏ సంవత్సరానిదో చెప్పగలరా?

చెక్కుబందీ (కాకినాడ):

అందరికీ నమస్కారమండీ. నేను కాకినాడలో దస్తావేజులు రాస్తుంటాను. నాన్నగారి నుంచి వచ్చిన పని. ఆయన రాసిన పాత నకళ్ళు చదవగా చదవగా నాకు ఊరి పటాలు పోగుచేసే అలవాటు అబ్బింది. ఇప్పుడు చెక్కుబందీ (స్థలానికి నాలుగు దిక్కులా ఉన్న హద్దులు) అంటే నాలుగు డోరు నంబర్లు, ఒక సిమెంటు రోడ్డు. అప్పట్లో "తూర్పు: మంచినీళ్ళ చెరువు గట్టు, దక్షిణం: పంట బోదె, పడమర: కొబ్బరితోట, ఉత్తరం: బళ్ళు నడిచే పుంత" అని రాసేవారు. ఆ స్థలానికి వెళ్ళి నిలబడితే గట్టూ కనిపించదు, బోదే కనిపించదు. ఫలానా పుంత ఎక్కడండీ అని అడిగితే ఇరుగుపొరుగు నా ముఖం చూస్తారు. మాటల్లో మిగిలినదాన్ని గీతల్లో కూడా చూడాలనిపించి, పాత వీధుల పటం ఎక్కడ కనిపించినా కొంటున్నాను.

ఈమధ్య మూతపడిన ఒక ముద్రణాలయంలో సామాను తూకానికి అమ్మేస్తుంటే, క్యాలెండర్ల కట్ట మధ్య కాకినాడ పటం ఒకటి దొరికింది. విప్పితే దినపత్రిక రెండు పేజీలంత ఉంది. ప్రచురించినవారి పేరు, సంవత్సరం ఉండవలసిన మూలను పురుగు తినేసింది. వెల దగ్గర అంకె పోయి "న.పై." మాత్రం మిగిలింది. కొలబద్ద ఫర్లాంగుల్లో ఉంది, అంగుళానికి ఒక ఫర్లాంగు. వీధుల పేర్లన్నీ ఒకే చేతితో సన్నగా, ముచ్చటగా రాసి ఉన్నాయి. రంగరాయ వైద్య కళాశాల పేరు మాత్రం అచ్చు అక్షరాల్లో, కొంచెం పక్కకు ఒరిగి ఉంది.

నన్ను ఎక్కువగా పట్టి నిలబెట్టింది మరొకటి. టౌన్ స్టేషన్ దగ్గర మొదలై పడమటగా కొవ్వాడ వైపు రెండు వరుసల చుక్కలు పోతున్నాయి. ఒక వరుస చుక్కలంటే కాలిబాట అని సూచికలో ఉంది. రెండు వరుసలకు అర్థం రాయలేదు. ఇంకా మేముండే వీధి చివర, ఇప్పుడు మూడంతస్తుల భవనాలున్న చోట, నీలిరంగు వేసిన చెరువు ఉంది.

ఇది ఏ సంవత్సరానిది? ఆ చుక్కలు ఏమిటి? మడతల దగ్గర విడిపోతోంది, ఎలా కాపాడుకోవాలి? పెద్దలు చెబితే రుణపడి ఉంటాను.

65ఎల్ (రాజమహేంద్రవరం):

మంచి పటం దొరికిందమ్మా, అభినందనలు. సంవత్సరం పోయినా పటం తన వయసు తానే చెబుతోంది.

ముందు వెల చూడండి. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. పాత పైసాకూ కొత్త పైసాకూ తేడా తెలియడానికి "నయా పైసలు" అన్నారు. 1964 జూన్‌లో ఆ "నయా" తీసేశారు. అణాల్లో వెల ఉంటే 1957కు ముందుదీ, పైసలని ఉంటే 1964 తరువాతిదీ అయ్యేది. మీది ఆ ఏడేళ్ళ మధ్యది. రంగరాయ వైద్య కళాశాల 1958లో మొదలైంది. కనుక ముందువైపు హద్దు ఇంకో ఏడాది దగ్గరకు జరిగింది. మైళ్ళు, ఫర్లాంగుల నుంచి కిలోమీటర్లకు దేశం మారుతున్న కాలం కూడా అదే. 1958కీ 1964కూ మధ్య అని నేను ధైర్యంగా చెబుతాను.

రెండు వరుసల చుక్కలు కోటిపల్లి రైలుదారి. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో రైలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఇనుము కావలసి వచ్చి 1940లో పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. మళ్ళీ రైలు నడిచింది 2004లోనే. నడుమ అరవై ఏళ్ళకు పైగా అక్కడ ఉన్నది ఉత్త కట్ట. మీ పటం గీసినాయన దాన్ని రైలు అనలేక, రోడ్డు అనలేక, కాలిబాట అనడానికీ మనసొప్పక రెండు వరుసల చుక్కలు పెట్టాడు. ఎంత నిజాయితీ ఉన్న మనిషో చూడండి! కాకినాడ పటం ఏది దొరికినా నేను మొదట వెతికేది ఈ దారినే. పట్టాలు గీసి ఉంటే 1928–40 మధ్యదైనా కావాలి, 2004 తరువాతిదైనా కావాలి.

ఇక ఒక జాగ్రత్త. పటాన్ని ముద్రించిన ఏడు వేరు, ఊరిని కొలిచిన ఏడు వేరు. సర్వే ఆఫ్ ఇండియా షీట్ల మీద ఈ రెండూ విడివిడిగా వేస్తారు. ప్రైవేటు ప్రచురణకర్తలు మాత్రం పాత మునిసిపల్ పటం మీద పల్చని కాగితం వేసి గీతలు ఎత్తుకుని, కొత్త పేర్లు నాలుగు చేర్చి అచ్చువేసేవారు. వైద్య కళాశాల పేరొక్కటే అచ్చు అక్షరాల్లో ఉందన్నారు కదా, అది తరువాత అతికించినది. మిగతా గీతలన్నీ అంతకు ముందువి. మీ చెరువు 1960లో ఉందని ఈ పటం ఒక్కటే చూసి అనకండి. ఆ గీత ఎత్తుకున్న పటం నాటికి ఉంది, అంతవరకే.

సముద్రం ఒడ్డు విషయంలో ఇది మరీ ముఖ్యం. మన వీధులకంటే మన తీరం వేగంగా మారుతుంది. కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ అని మనం చూసే సుమారు 16 కిలోమీటర్ల ఇసుక మేట, గోదావరి తెచ్చి పోసిన మట్టితో గత రెండు వందల ఏళ్ళలో పెరిగినదే. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు పూడిపోయింది కూడా ఆ మేటలవల్లనే. ఇటు ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కోసుకుపోతోంది. నా దగ్గరున్న అంగుళానికి మైలు షీట్లలో కాకినాడ రెండు ముక్కలుగా ఉంటుంది. 82 డిగ్రీల 15 నిమిషాల రేఖాంశం ఊరి మీదుగానే పోతుంది. దానికి పడమట ఉన్నది 65 ఎల్/1లో, తూర్పున ఉన్నది 65 ఎల్/5లో. రెండూ అంచులు కలిపి బల్లమీద పెడితే తప్ప ఊరు పూర్తి కాదు. నా పేరు అక్కడి నుంచే పెట్టుకున్నాను.

గొలుసు–లింకు (అమలాపురం దగ్గర):

సర్వే శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. పై మిత్రులు తేదీ బాగా తేల్చారు. నేను చెరువు సంగతి చెబుతాను.

అమ్మా, అంగుళానికి ఒక ఫర్లాంగు అంటే మైలుకు 8 అంగుళాలు, అంటే అంగుళానికి 10 గొలుసులు. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, అంటే 48.4 గజాలు. ఈ లెక్క సర్వేయరుకు కూర్చుని చూసినా కుదరాలి, నిలబడి చూసినా కుదరాలి. మీ పటాన్ని కూడా పరీక్షించండి. ఇప్పటికీ కదలకుండా ఉన్న రెండు గుర్తులు తీసుకోండి. ఒక పాత గుడి గోపురం, ఒక పాత బడి ప్రహరీ మూల అనుకుందాం. పటంలో అంగుళాల బద్దతో కొలవండి, నేలమీద టేపుతో కొలవండి. ఊరి నడుమ కుదిరి అంచుల్లో తప్పితే, గీసినవారు నడిబొడ్డును కొలత పటం నుంచి ఎత్తుకుని శివార్లను అంచనాగా వేశారని అర్థం. ఇలాంటి అమ్మకపు పటాల్లో ఇది నేను చాలాసార్లు చూశాను.

చెరువుకు అసలు సాక్ష్యం వేరేచోట ఉంటుంది. అది ఒకప్పుడు గ్రామం భాగమైతే గ్రామ పటంలో, పొలాల కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీలో ఆ సర్వే నంబరు తీయించండి. రిజిస్టరులో దాని ఎదుట "చెరువు పోరంబోకు" అని ఉంటే మీ నీలిరంగు నిజం. పట్టణ సర్వే జరిగాకైతే వార్డు, బ్లాకు, టీఎస్ నంబరు చూడాలి. మీ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు కానీ, చదివే ఇతరులకోసం రాస్తున్నాను: వీధుల పటం చూపించి ఎవరి హక్కూ తేల్చకూడదు. అది ఊరిని గుర్తుచేసుకోవడానికి.

ఒక మనవి కూడా. 2020 చివరలో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలతో కొలుస్తున్నారు. మంచిదే. కానీ కొత్త కొలత వచ్చిందని పాత ఎఫ్‌ఎంబీ నకలును ఇళ్ళలో చెత్తలో వేసేస్తున్నారు. ఆ కాగితం మీద బోదె ఎటు తిరిగిందో, బావి ఏ మూల ఉందో, గట్టు మీద తాడిచెట్టు గుర్తుతో సహా ఉంటుంది. కొత్త పటంలో ఇప్పుడున్నదే ఉంటుంది. దయచేసి పారేయకండి. మీకు వద్దనుకుంటే ఈ అమ్మాయిగారి లాంటివారికి ఇవ్వండి.

ఫెర్రీ రోడ్డు (యానాం):

చెక్కుబందీ గారూ, కాకినాడ అంటే అందరూ ఆంగ్లేయుల కాగితాలే వెతుకుతారు. ఉప్పుటేరుకు అవతల జగన్నాథపురం 1825 దాకా డచ్చివారిదని మరిచిపోకండి. డచ్చి కంపెనీ పటాలు హేగ్ నగరంలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మా యానాం 1954 జూన్ 13 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉంది కనుక మా కాగితాలు దక్షిణ ఫ్రాన్సులో ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లోని వలసల ఆర్కైవ్స్‌లో వెతకాలి. చూశారా, ముప్పై కిలోమీటర్ల లోపు ఊళ్ళ పటాలకు మూడు దేశాలు తిరగాలి!

మా పాత పటాల్లో గౌతమి ఒడ్డున రేవు గుర్తు ఉంటుంది. ఎదుర్లంకకు పంటు మీద దాటేవాళ్ళం. వంతెన వచ్చాక కొత్త పటాల్లో రేవు గుర్తు తీసేశారు. మా పిల్లలకు ఆ రేవు చూపించాలంటే నాకు పాత పటం తప్ప వేరే దారి లేదు.

అట్టబైండు (భీమవరం):

గ్రంథాలయంలో పాత కాగితాలు బాగుచేసే పని చేశాను, కనుక ఆ ఒక్క ప్రశ్నకు. సెల్లో టేపు అంటించకండి. కొన్నేళ్ళకు ఆ జిగురు గోధుమరంగుకు తిరిగి కాగితంలోకి ఇంకిపోతుంది, ఆ మరక ఇక పోదు. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే వెనక్కి తీయలేం. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, విడిపోయిన మడతలకు వెనుకవైపు పల్చని జపాన్ కాగితం పట్టీలు గోధుమ గంజి జిగురుతో అంటించాలి. పుస్తకాల బైండింగులో పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, పటానికి అది వద్దు. మడవకుండా పరిచి ఉంచండి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. గోడకు ఆనించిన బీరువాలో, అందులోనూ అడుగు అరలో ఎప్పుడూ పెట్టకండి. మీ దగ్గర మునిసిపల్ నీలి నకళ్ళు కూడా ఉంటే వాటిని గోడకు తగిలించవద్దు, వెలుతురుకు పాలిపోతాయి. ఏ మరమ్మతుకైనా ముందు ఫొటో తీసి ఉంచండి.

చెక్కుబందీ (కాకినాడ):

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు.

గొలుసు–లింకు మాస్టారు చెప్పినట్టే కొలిచాను. మెయిన్ రోడ్డు చుట్టుపక్కల బద్ద పెట్టిన ప్రతిచోటా కుదిరింది. జగన్నాథపురం అవతల శివార్లలో కుదరలేదు, అక్కడ వీధులు ఉండవలసిన దానికంటే పొడుగ్గా సాగాయి. 65ఎల్ గారూ, భూతద్దం పెట్టి చూస్తే మీరన్న అతుకు కనిపించింది. వైద్య కళాశాల పేరు చుట్టూ సన్నని దీర్ఘచతురస్రం నీడ ఉంది. అక్షరాల కాగితం ముక్కను మూలపటం మీద అంటించి ఫొటో బ్లాకు చేసినప్పుడు పడిన అంచు అది. ఆ ముక్క కింద ఒక వీధి పేరు సగం మునిగిపోయింది. చివరి రెండు అక్షరాలు "తోట" అని మిగిలాయి. ఇప్పుడు ఆ పేరుకోసం ఆ ప్రాంతపు పాత చెక్కుబందీలన్నీ తిరగేస్తున్నాను.

ఈ పటం నాకెందుకంత ముఖ్యమో చెబుతాను. మొన్న జగన్నాథపురం నుంచి ఒక పెద్దావిడ దానపత్రం రాయించుకోవడానికి వచ్చారు. చదువు రాదు, వేలిముద్ర వేస్తారు. బల్లమీద పటం పరిచి ఉంటే ఏమిటమ్మా ఇది అని అడిగారు. ఇది ఉప్పుటేరు, ఇది వంతెన అని రెండు గుర్తులు చూపించాను. అంతే. ఆవిడ వేలు వంతెన దగ్గర పెట్టి, ఎడమకు తిప్పి, ఒక సందులోకి పోనిచ్చి, ఇక్కడ ధాన్యం గిడ్డంగి, ఇక్కడ పడవలు కట్టే రాటలు, ఇదిగో మా అమ్మ ఇల్లు అని ఆపారు. పటంలో అక్కడ ఖాళీ ఉంది. నేను పెన్సిలుతో నకలు మీద చుక్క పెట్టి, ఆవిడ చెప్పినవన్నీ పక్కన రాసుకున్నాను. నాకు వచ్చిన పని రాయడమే. ఇక నుంచి వచ్చిన ప్రతి పెద్దవారినీ అడిగి రాయాలని నిశ్చయించుకున్నాను.

చెరువు రికార్డుకు దరఖాస్తు పెట్టాను, నకలు రాగానే ఇక్కడ రాస్తాను. పటాన్ని పెద్ద స్కానరు మీద తీయించాకే అట్టబైండు గారు చెప్పిన మరమ్మతు చేయిస్తాను. ఫెర్రీ రోడ్డు గారూ, డచ్చివారి జగన్నాథపురం పటం ఏదైనా మీ కంటపడితే నాకు తప్పక చెప్పండి.

మరొక్క మాట. పట్టాలు లేని కాలంలో కోటిపల్లి రైలు కట్ట మీద నడిచి బడికో సంతకో వెళ్ళినవారు, లేదా అలా వెళ్ళినవారి పిల్లలు, ఇది చదువుతుంటే రాయండి. కట్ట మీదికి ఎక్కడ ఎక్కేవారు, తూములు ఎక్కడ ఉండేవి, వర్షాకాలంలో ఎక్కడ తెగేది? కొవ్వాడ, అరట్లకట్ట, కరప వైపువారు ముఖ్యంగా. చుక్కల పక్కన రాసిపెడతాను.