ఫోల్డర్ల లెక్కకు, డిస్క్‌లోని ఖాళీకి పొంతన కుదరడం లేదు: పాత బ్యాకప్‌లను తొలగించడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. నేను కాకినాడలో ట్యాక్స్ ప్రాక్టీస్ చేస్తున్నాను. ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ 10 ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లోని ‘బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)’ ద్వారా ప్రతి ఆదివారం 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకుంటున్నాను. స్థలం చాలక గత వారం బ్యాకప్ మధ్యలోనే ఆగిపోయింది. డిస్క్ మొత్తం పరిమాణం 931 జీబీ. అందులో క్లయింట్ల స్కాన్ కాగితాలు 400 జీబీ, ‘విండోస్ ఇమేజ్ బ్యాకప్’ ఫోల్డర్ 140 జీబీ, ఫైళ్ల బ్యాకప్ 210 జీబీ. ఈ లెక్కన 181 జీబీ ఖాళీ ఉండాలి, కానీ 50 జీబీ మాత్రమే కనిపిస్తోంది. దాచిన ఫైళ్లన్నీ కనిపించేలా పెడితే ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’ అనే ఫోల్డర్ బయటపడింది. దాని సైజు సున్నా అంటోంది, తెరవబోతే అనుమతి లేదంటోంది. ఆ ఫోల్డర్‌ను బలవంతంగా తొలగించవచ్చా?

మొదటి సమాధానం

దయచేసి ఆ ఫోల్డర్ జోలికి వెళ్లకండి. మీకు లెక్క తేలని 131 జీబీ అందులోనే ఉంది, అయితే అది చెత్త కాదు. ‘విండోస్ ఇమేజ్ బ్యాకప్’ ఫోల్డర్‌లో కనిపించేది చివరిసారి తీసిన సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా సిస్టమ్ మొత్తానికి తీసిన నకలు) ఒక్కటే. అంతకు ముందువి విడి ఫైళ్లుగా కాక, షాడో కాపీల రూపంలో, అంటే కొత్త ఇమేజ్ రాసేటప్పుడు మారిన భాగాల పాత రూపాలుగా, మీరు తెరవలేకపోయిన ఆ ఫోల్డర్‌లో నిల్వ ఉంటాయి. విండోస్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే సిస్టమ్ ఇమేజ్‌ల కోసం డిస్క్‌లో 30 శాతం వరకు వాడుకుంటుంది. 931లో 30 శాతమంటే సుమారు 279 జీబీ. మీ 140కి 131 కలిపితే 271. కాబట్టి మీ డిస్క్‌కు ఏ జబ్బూ లేదు.

నిర్ధారించుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘వీఎస్ఎస్అడ్మిన్ లిస్ట్ షాడోస్టోరేజ్’ అన్న ఆదేశాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి. ఏ డ్రైవ్‌లో షాడో కాపీలు ఎంత వాడాయో, గరిష్ఠ పరిమితి ఎంతో అది చూపిస్తుంది. తగ్గించడానికి మీరు బ్యాకప్ తీసే ఆ పేజీలోనే ‘మేనేజ్ స్పేస్’ అని ఉంటుంది. అందులో సిస్టమ్ ఇమేజ్ కింద ‘ఛేంజ్ సెట్టింగ్స్’ నొక్కి, చివరి ఇమేజ్‌ను మాత్రమే ఉంచమని ఎంచుకోవచ్చు.

రెండవ సమాధానం

పై వివరణ సరైనదే కానీ, చివరి సలహాను వెంటనే పాటించవద్దని నా మనవి. ఒకే ఇమేజ్ ఉంచుకున్నాక, కంప్యూటర్‌లో వైరస్ చేరిన సంగతి రెండు వారాలకు బయటపడితే, ఆ ఒక్క ఇమేజ్‌లోనూ అదే వైరస్ ఉంటుంది. రిటర్నుల గడువు దగ్గర పడ్డప్పుడు అలాంటి స్థితి ఎవరికీ రాకూడదు. అందువల్ల ముందు ఫైళ్ల బ్యాకప్ సంగతి చూడండి. అదే ‘మేనేజ్ స్పేస్’లో ‘వ్యూ బ్యాకప్స్’ తెరిస్తే తేదీల వారీగా బ్యాకప్ కాలాలు కనిపిస్తాయి. వాటిలో అన్నిటికన్నా కొత్తదాన్ని ఉంచి పాతవి తొలగించవచ్చు. 210 జీబీలో చాలావరకు అక్కడే తగ్గుతుందని నా అంచనా.

ఇంకొక మాట. డిస్క్ క్లీనప్‌లోని ‘మోర్ ఆప్షన్స్’లో రీస్టోర్ పాయింట్లను, అంటే సిస్టమ్‌ను పాత స్థితికి తీసుకెళ్లడానికి విండోస్ దాచుకునే గుర్తులను, తుడిచే బటన్ ఒకటుంది. చాలామంది దాన్ని సులువైన మార్గమంటారు. అది చివరి రీస్టోర్ పాయింట్‌ను మాత్రమే మిగిల్చి మిగతావి తీసేస్తుంది. కొన్ని ఎడిషన్లలో పాత ఇమేజ్‌లు కూడా దాంతోపాటు పోతాయని ఆ కిటికీలోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ‘వ్యూ బ్యాకప్స్’లో మూడు కాలాలు కనిపించాయి. పాతవి రెండూ తీసేస్తే 120 జీబీ ఖాళీ అయింది, ఈ ఆదివారం బ్యాకప్ పూర్తయింది. ఇమేజ్ సెట్టింగ్‌ను అలాగే వదిలేశాను. ఇక ఒక్క సందేహం: ‘విండోస్ ఇమేజ్ బ్యాకప్’ ఫోల్డర్‌ను తేదీతో పేరు మార్చి, ఇంట్లో ఉన్న మరో డిస్క్‌లోకి కాపీ చేసుకుంటే పనికొస్తుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

కాపీ చేసుకోవచ్చు. అయితే దాన్నుంచి కంప్యూటర్‌ను పునరుద్ధరించాల్సి వచ్చినప్పుడు ఆ ఫోల్డర్ అసలు పేరుతోనే, మరే ఫోల్డర్ లోపలా కాకుండా డిస్క్ మొదట్లోనే ఉండాలి. పేరు మారితే రికవరీ ప్రోగ్రామ్ దాన్ని గుర్తించదు. తేదీని డిస్క్ పైన చీటీ అంటించి రాసుకోండి. అలాగే, కాపీలో వెళ్లేది చివరి ఇమేజ్ మాత్రమే; షాడో కాపీల్లో ఉన్న పాత ఇమేజ్‌లు ఇప్పుడున్న డిస్క్‌లోనే ఉండిపోతాయి. ఈ సిస్టమ్ ఇమేజ్ సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2017లోనే ఇకపై అభివృద్ధి చేయని వాటి జాబితాలో చేర్చింది, విండోస్ 10కు మద్దతు కూడా 2025 అక్టోబరు 14తో ముగిసింది. కనుక కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు బ్యాకప్‌కు వేరే సాఫ్ట్‌వేర్‌ను చూసుకోవడం మంచిది.