ఇంగ్లీషులో ‘గో’కి పాస్ట్ టెన్స్ ‘గోడ్’ కాకుండా ‘వెంట్’ ఎందుకైంది?

కోదాడ కుర్రోడు:
టాక్‌కి టాక్డ్, వాక్‌కి వాక్డ్. మరి గోకి వెంట్ ఏంటి? ఒక్క అక్షరం కలవదు. ఏడో క్లాసు చదివే మా తమ్ముడు అడిగితే “అదంతే, బట్టీ కొట్టు” అని తప్పించుకున్నా. కారణం ఎవరికైనా తెలుసా?

తెనాలి పంతులమ్మ:
తెలుసు బాబూ. వెంట్ అసలు గో సొంతం కాదు. ‘వెండ్’ అని ఇంకో క్రియ ఉంది. తిరగడం, దారి పట్టడం అని దాని అర్థం. సెండ్–సెంట్, బెండ్–బెంట్, స్పెండ్–స్పెంట్ వరసలోదే వెండ్–వెంట్. అంతకుముందు, పాత ఇంగ్లీషులో, గోకి భూతకాలం ‘ఎయోడె’. తమాషా ఏంటంటే అదీ వేరే ధాతువే! మొదట్నించీ గోది అరువు బతుకే. సుమారు 15వ శతాబ్దానికి ఎయోడె మూలపడింది, వెంట్ ఆ చోట కూర్చుంది. స్కాట్లాండులో మాట్లాడే స్కాట్స్‌లో మాత్రం గో నుంచే పుట్టిన ‘గేడ్’ ఉంది. నేను క్లాసులో సెండ్, బెండ్, స్పెండ్ జంటలు బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, చివర వెండ్ రాసి పక్కన ఖాళీ వదిలేస్తా. పిల్లలే పూరిస్తారు.

డాలస్ అమ్మ:
మా పాప ఇక్కడే పుట్టింది. మూడేళ్లప్పుడు “డాడీ గోడ్ టు ఆఫీస్” అనేది. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే పిల్లలూ ఆ వయసులో అలాగే అంటారు. ఎవరూ దిద్దకుండానే మానేసింది.

కోదాడ కుర్రోడు:
సరే మేడమ్, బాగుంది. మరి ‘మిల్క్ వెంట్ బ్యాడ్’ అంటే పాలు ఎక్కడికి వెళ్లినట్టు?

విశాఖ అనువాదకుడు:
‘పాలు విరిగిపోయాయి’ అన్నప్పుడు ఎక్కడికి పోయాయో అక్కడికే! చెడిపోవడం, ఎండిపోవడం, పాడైపోవడంలో మన ‘పోవు’ చేసే పనే ఇది. గో బ్యాడ్, గో మ్యాడ్, గో బ్లైండ్, గో బాల్డ్... చూడండి, ఎక్కువగా చెడుకే. కల నిజమైతే కమ్ ట్రూ. అలాగని ప్రతి ‘పోవు’కీ గో తగిలించకండి. అలిసిపోతే గెట్ టైర్డ్ అనాలి, గో టైర్డ్ అనరు.

డాలస్ అమ్మ:
మనకూ ‘రా’, ‘వచ్చాడు’ ఉన్నాయిగా? అవీ అరువేనా?

తెనాలి పంతులమ్మ:
కాదమ్మా, అవి ఒకే మూలం నుంచి విడిపోయినవి. తమిళంలో వా, వరుం, వందాన్ పక్కన పెట్టి చూస్తే ఆ చుట్టరికం తెలుస్తుంది.

కోదాడ కుర్రోడు:
తమ్ముడికి చెప్పా. ఇప్పుడు బి–వాజ్ సంగతి తేల్చమంటున్నాడు.

తెనాలి పంతులమ్మ:
అదింకా పెద్ద ఉమ్మడి కుటుంబం. యామ్, బి, వాజ్ మూడూ మూడు ధాతువులు. దానికి వేరే చర్చ పెట్టండి, తీరిగ్గా వస్తా.