నాన్‌లెదర్ షూ యూనిట్: అప్పర్ జాబ్‌వర్క్ చాలా, సోల్ కూడా మనమే పోయాలా?

ప్రశ్న (మాంబట్టు_రోడ్డు): తడలో అపాచీ, తమిళనాడు చెయ్యార్‌లో ఫెంగ్ టే బూట్ల ఫ్యాక్టరీలు ఉన్నాయి. చెప్పులు, బూట్ల ఉత్పత్తిలో చైనా తర్వాత మనమే. మరి ఎగుమతుల్లో ఎందుకు వెనకబడ్డాం? 20 మెషిన్లతో అప్పర్ (బూటు పై భాగం) కుట్టి ఇచ్చే జాబ్‌వర్క్ పెడితే నిలబడుతుందా?

అచ్చు_పని: ఎగుమతుల్లో మన బలం తోలుది: ఆగ్రా, కాన్పూర్, ఆంబూర్. ప్రపంచం కొనేది ఎక్కువగా నాన్‌లెదర్. దానికి కావలసిన మెష్ (జాలీ గుడ్డ), సోల్ అచ్చులు చాలావరకు చైనా, తైవాన్‌ల నుంచే వస్తున్నాయి. అసలు చిక్కు అక్కడే ఉంది, కుట్టులో లేదు. ఒక్క డిజైన్‌కు 7 సైజులంటే కుడి ఎడమ కలిపి 14 అచ్చులు. 500 జతల ఆర్డరుతో ఆ ఖర్చు తిరిగి రాదు. హర్యానాలోని బహదూర్‌గఢ్ నిలబడిందంటే సోల్ పోసేవాళ్లు, గమ్ము అమ్మేవాళ్లు, అట్టపెట్టెల వాళ్లు అందరూ పక్కపక్కనే ఉండటం వల్ల. సోల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, అప్పర్‌తో మొదలుపెట్టండి.

కుట్టు_లైన్: అవును, కానీ 20 మెషిన్లూ ఫ్లాట్‌బెడ్ (చదును బల్లవి) కొనకండి. మడమ దగ్గర గుండ్రంగా మూసిన అప్పర్‌కు పోస్ట్‌బెడ్ (నిలువు స్తంభం మీద కుట్టేది) తప్పదు. సింథటిక్ మీద అంగుళానికి 8 నుంచి 10 కుట్లు చాలు; ఎక్కువైతే తపాలా బిళ్ల అంచులా అక్కడే చిరుగుతుంది. మెష్ తక్కువ సాగే దిశను పాదం పొడవు వెంట పెట్టి కోయండి. అడ్డంగా కోస్తే లాస్ట్ (పాదం ఆకారపు దిమ్మ) మీద లాగినప్పుడు ముందు భాగం పక్కకు తిరుగుతుంది. డై (ముక్కలు కోసే అచ్చు) కింద పొరలు మరీ ఎక్కువ పేర్చినా పై ముక్కకూ అడుగు ముక్కకూ కొలత తేడా వస్తుంది. సాయంత్రానికి కుప్పగా మిగిలే వాపసు సరుకులో సగం ఈ రెండు తప్పులదే.

మాంబట్టు_రోడ్డు: తర్వాత సోల్ కొనుక్కొచ్చి అతికిస్తే?

గమ్ము_గది: సోల్ ఊడిపోయిందని గమ్మును తిట్టేవాళ్లే ఎక్కువ. నిజానికి తప్పు అంతకు ముందు మెట్టులో ఉంటుంది. ఈవీఏ (తేలికైన నురుగు ప్లాస్టిక్) సోల్‌కు అచ్చు నూనె పోయేలా కడగాలి, ప్రైమర్ (గమ్ము పట్టేందుకు ముందు పూత) పూయాలి, యూవీ (అతినీలలోహిత) దీపం కింద పంపాలి. టీపీఆర్ (థర్మోప్లాస్టిక్ రబ్బరు) సోల్‌కు హాలోజినేషన్ (గమ్ము పట్టేలా క్లోరిన్ ద్రావణం పూయడం) చేయాలి. పీయూ (పాలీయురేథేన్) గమ్ములో హార్డనర్ (గట్టిపరిచే మందు) సుమారు 3–5 శాతం. కలిపింది ఆ పూటే వాడెయ్యాలి, మిగిలితే పారబొయ్యాలి. పొర ఆరాక వేడిచేసి, చల్లారకముందే ప్రెస్‌లో పెట్టాలి. మీది తీరప్రాంతం కాబట్టి అక్టోబరు–డిసెంబరు వానల్లో గమ్ము పొర మీద తేమ పేరుకుని తెల్లబారుతుంది. అలాంటిది అతకదు. ఆ గదికి తేమ తీసే యంత్రం మొదటి రోజే పెట్టండి.

లెక్కల_పుస్తకం: 2025 బడ్జెట్‌లో ప్రకటించిన ఫోకస్ ప్రోడక్ట్ పథకం తోలుతోపాటు నాన్‌లెదర్ విడిభాగాలకూ, యంత్రాలకూ వర్తిస్తుంది. లక్ష్యం 22 లక్షల ఉపాధి, ₹1.1 లక్షల కోట్లకు మించిన ఎగుమతులు. మంచి అడుగే. విడిభాగాలు ఇక్కడ తయారుకాకపోతే మాత్రం మనకు మిగిలేది కుట్టుకూలే. 2025 సెప్టెంబరు 22 నుంచి ₹2,500 వరకు జతకు జీఎస్టీ 5 శాతం కాబట్టి దేశీ మార్కెట్‌కూ ధర కుదురుతుంది. మీ సొంత బ్రాండు వేసేముందు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లైసెన్సు నిబంధనలు చూడండి. స్పోర్ట్స్ షూకు ప్రమాణం ఐఎస్ 15844.