నవాన్ విశేషాన్... "లాతి"యా, "రాతి"యా?

(మాట్లాడేవాళ్లను వాళ్ల ఊరి పేర్లతోనే రాశాను.)

కావలి: డిగ్రీ పిల్లవాడికి కందుకూరి వీరేశలింగం గారి నవల రాజశేఖర చరిత్రము మొదటి ప్రకరణం చెప్పాల. పుస్తకం తెరవకముందే నవల శబ్దానికి వ్యుత్పత్తి అడిగాడు. నావెల్‌కు నవల అని పేరు పెట్టిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారి వాక్యం "నవాన్ విశేషాన్... గృహ్ణాతీతి నవలా" దాకా నోటికొస్తా ఉంది, మధ్య మాట జారిపోయింది. లాతియా, రాతియా? పిల్లవాడి నోట్సులో "లాఁతి" అని అరసున్నతో ఉండాది.

నెల్లూరు: లాతి. ముందు ఆ అరసున్న కొట్టేయించండి. లాఁతి తెలుగు మాట, పరాయి అని అర్థం. ఇక్కడిది సంస్కృత క్రియ. సంస్కృత ధాతువుల పట్టిక ధాతుపాఠంలో "రా దానే, లా ఆదానే" పక్కపక్కనే ఉంటాయి. రా అంటే ఇవ్వడం, లా అంటే పుచ్చుకోవడం.

ఒంగోలు: అర్థాన్ని బట్టి రాతే బాగుంటుంది కదన్నా. చదివేవాడికి కొత్త సంగతులు ఇచ్చేదే గదా నవల. ర, ల లకు భేదం లేదని, రలయోరభేదః అని ఉండనే ఉంది.

నెల్లూరు: అభేదం సరే. వెంటనే గృహ్ణాతి, అంటే గ్రహిస్తుంది అని ఉంది చూడండి. ఇవ్వడమైతే దదాతి అనేవారు.

గూడూరు: అసలు చిక్కు చివరి అక్షరంలో ఉంది. "ఆతోఽనుపసర్గే కః" అనే పాణిని సూత్రంతో క ప్రత్యయం వస్తే నవలః, స్త్రీలింగంలో టాప్ అనే "ఆ" ప్రత్యయం చేరితే నవలా. సీతా తెలుగులో సీత అయినట్టే నవల. సమాసంలో మాత్రం దీర్ఘం నిలుస్తుంది: నవలా సాహిత్యం.

ఒంగోలు: దేశ్యంలో, అంటే అచ్చ తెలుగులో, నవలా అంటే స్త్రీ. శాస్త్రిగారి చెవిలో ఆ మాట మోగకుండా ఉంటుందా? నావెల్ అనే ధ్వనికి ముందు అది తట్టి, సంస్కృతం తర్వాత తొడిగారని నా నమ్మకం.

కందుకూరు: మా ఊరు వీరేశలింగం గారి ఇంటిపేరులో ఉంది కాబట్టి ఒక మాట. 1878లో ఆయన పత్రిక వివేకవర్ధనిలో మొదలైన ఈ రాజశేఖర చరిత్రను ఆయన వచన ప్రబంధమన్నారు. అంతకుముందు 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి తన రంగరాజ చరిత్రను నవీన ప్రబంధమన్నారు. పిల్లవాడికి ఆ "ప్రబంధము" చూపించండి, వర్ణనలు నిండిన కావ్యమని చెప్పండి. కథ ఎత్తుకోకముందే గోదావరి, ధవళగిరి వర్ణన ఎందుకొచ్చిందో తెలుస్తుంది. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల "వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్"తో పోలిక కథలో వెతకొచ్చు, ఈ ఎత్తుగడలో దొరకదు.

చదివించేటప్పుడు సంధులతో మొదలుపెట్టొద్దు, రెండో పంక్తికే కర్త తప్పిపోతాడు. ముందు వాక్యం చివరి సమాపక క్రియ కింద గీత గీయించండి. తర్వాత "పోయి", "చూచుచు" వంటి అసమాపకాలకు 1, 2, 3 అంకెలు వేయించి, ఒక్కోదానికి కర్త ఎవరని అడగండి. "నదిఁ జూచి" అని ఉంటే పిల్లలు నిఘంటువులో జ కింద వెతికి, దొరకలేదంటారు. అరసున్న తర్వాత గ జ డ ద బ కనిపిస్తే క చ ట త ప కింద చూడాల.

నెల్లూరు: వచన ప్రబంధం అనగానే మా తిక్కన గుర్తొస్తాడు. నిర్వచనోత్తర రామాయణంలో వచనమే లేదు. "వచనము లేకయు వర్ణన రచియింపఁగఁ గొంత వచ్చు" అన్నాడు. ఆ "కొంత" దగ్గర ఆగండి. మనుమసిద్ధికి అంకితమిచ్చే కావ్యంలో ఎంత కొలిచి వేశాడో ఆ మాట!

ఒంగోలు: ప్రబంధం మాట వచ్చాక ప్రబంధపరమేశ్వరుణ్ణి ఎట్లా మరిచారు? వర్ణన కావాలంటే ఎఱ్ఱన నృసింహపురాణం తెరవండి.

నెల్లూరు: ఎఱ్ఱన సంగతి సరే, ఆ "కొంత" అల్పార్థమా, వినయమా చెప్పండి.

కావలి: పొద్దున్నే పిల్లవాడు వస్తాడు. అరసున్న తీసేసి లాతి అని రాయిస్తా. చివర దీర్ఘం ఉంచేదా?

గూడూరు: సంస్కృత వాక్యంలో ఉంచండి.

ఒంగోలు: దేశ్యమైనా దీర్ఘమే కదన్నా!